ముద్ర పడని పుస్తకాలు

పోయిన వారం మీరు నన్ను మీటింగు గది గుమ్మంలో నిలబెట్టి, పత్రిక మడిచి పక్కన పడేసి, మీ పనుల్లో మీరు పడిపోయారు. నేను మాత్రం చంకలో ముప్ఫై ఒక్క పేజీల ఫైలుతో అక్కడే ఉండిపోయాను. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఈ బడి లైబ్రరీ నా చేతుల మీద నడుస్తోంది. రాబోయే పదేళ్ళలో బడి ఎలా పెరగాలో ఒక ప్రణాళిక వేస్తున్నారు, లైబ్రరీ సంగతి నన్నే రాయమన్నారు. వారం పాటు ఇంట్లో కూరలన్నీ మాడగొట్టి మరీ రాశాను. చిన్నపిల్లల చేతికందేలా పొట్టి అరలు, బోర్లా పడుకుని చదువుకునేవాళ్ళకి ఒక చాప, ఉత్తరం వైపు ఇంకో కిటికీ, నా తర్వాత ఈ పని చూసుకోవడానికి ఇప్పట్నుంచే ఒక మనిషి. పిలిచారంటే అది చదివి వినిపించడానికేనని తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వెళ్ళాను. నా పిచ్చి కాకపోతే.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో మా హెడ్మిస్ట్రెస్. ఆవిడ నాకు ఆడపడుచు, మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. బడి గేటు దాటితే నేను ఆవిణ్ణి మేడమ్ అంటాను, ఇంటి గడప దాటితే ఆవిడ నన్ను వదినా అంటుంది. ఆవిడకి కుడిపక్కన కమిటీ అధ్యక్షులవారు. కళ్ళజోళ్ళ షాపు ఆయనది. లోకానికంతా చూపు సరిచేస్తాడు గానీ తను మాత్రం ఏ కాగితమైనా బారెడు దూరాన పట్టుకుని చదువుతాడు, జోడు పెట్టుకుంటే ముసలివాడనుకుంటారట. ఎడమపక్కన టేపాయన. బళ్ళకి ప్రణాళికలు వేసి ఇవ్వడమే ఆయన ఉద్యోగం. రెండు వారాలుగా సాయంత్రం బడి విడిచాక వచ్చి, గదిగదికీ టేపు పట్టి కొలుస్తున్నాడు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. మనిషి నెమ్మదస్తుడు. మా తమ్ముడి కొడుకు వయసుంటుంది.

నా ఫైలు తీసుకుని బల్ల మీద పెట్టారు. ఎవరూ విప్పలేదు. దాని పక్కన పెద్ద పటం పరిచి ఉంది, పదేళ్ళ తర్వాతి బడి. మేడ మీద నా గది ఎక్కడుందా అని వేలు పెట్టి వెతుక్కున్నాను. అది ఉండాల్సిన చోట రెండు తరగతుల పేర్లున్నాయి. లైబ్రరీ అన్న మాటే కనిపించలేదు. చివరికి కింద, మెట్ల అడుగున, నా బొటనవేలు గోరంత డబ్బాలో 'పుస్తకాల మూల' అని రాసి ఉంది.

ఇదేమిటని అడిగాను. టేపాయన ఓపిగ్గానే చెప్పాడు. పిల్లలు పెరుగుతున్నారు, గదులు చాలవు. ఏ గది ఎంత వాడుకలో ఉందో దాన్ని బట్టే చోటు ఇవ్వాలన్నది వాళ్ళ పద్ధతి. నా ఇష్యూ రిజిస్టరు మూడేళ్ళది తిరగేశాడట. నెలకి తొమ్మిది పుస్తకాలు బయటికి వెళ్తున్నాయి, అందులో ఏడు టీచర్లు, రెండు ఆఫీసువాళ్ళు తీసుకెళ్ళినవే. అలాంటప్పుడు అంత పెద్ద గది ఎందుకని పైవాళ్ళు అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు. పుస్తకాలు కూడా అన్నీ పట్టవు కాబట్టి, వెనక అంటించిన తేదీల చీటీ మీద ఈ ఐదేళ్ళలో ముద్ర పడ్డవే ఉంచుతారు. మిగతావి తీసేస్తారు. ఉంచేవాటి జాబితా నా చేతికిచ్చాడు.

చదివాను. పరీక్షల గైడ్లు. పాత ప్రశ్నపత్రాల కట్టలు. చేతిరాత దిద్దుకునేది ఒకటి, నిఘంటువులు రెండు. పిల్లలు లాక్కుని, దెబ్బలాడుకుని, అట్టలూడగొట్టి, నాచేత నాలుగేసిసార్లు కుట్టించిన పుస్తకం ఒక్కటి కూడా ఆ జాబితాలో లేదు. కొత్త పెళ్ళికూతుళ్ళలా నలగకుండా కూర్చున్నవే మిగిలాయి.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. నేను పిల్లలకిచ్చే పుస్తకాలకి ముద్ర వెయ్యను. రిజిస్టర్లో పేరు రాయను.

అంతకు ముందు వేసేదాన్ని, రాసేదాన్ని, పద్ధతి ప్రకారమే అన్నీ. అప్పట్లో ఒక నియమం పెట్టారు. పుస్తకం ఆలస్యమైనా, చిరిగినా, ఆ పిల్లల పేర్లు పొద్దున్నే ప్రార్థన దగ్గర మైకులో చదవడం. మొదటి సోమవారం పదకొండు పేర్లు చదివారు. ఆ మర్నాటి నుంచి లైబ్రరీకి పిల్లి పిల్ల కూడా రాలేదు. నెల్లాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. చివరికి వరండాలో వెళ్తున్న నలుగురు పిల్లల్ని పట్టుకుని చెప్పాను: తీసుకెళ్ళండి, చదివాక తెచ్చివ్వండి, నేను మీ పేరు రాయను, మీరూ ఎవరికీ చెప్పకండి. నలుగురు నలభై అయ్యారు. మధ్యాహ్నం భోజనాల గంటలో నా గదిలో కాలు పెట్టడానికి చోటుండదు. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో నాకు నోటికొచ్చు. ఈ తొమ్మిదేళ్ళలో పోయినవి పద్నాలుగంటే పద్నాలుగు, అందులో మూడు వానకి తడిసినవి.

ఆ ముద్ర వెయ్యకపోవడం వల్లే పిల్లలొచ్చారు. ఇప్పుడు అదే లేదని పుస్తకాలు పోతున్నాయి. నా వేలితో నా కన్నే పొడుచుకున్నానంటే ఇదే మరి.

చెప్పకపోతే లైబ్రరీ పోతుంది, చెబితే నేను పోతాను. చెప్పాను. మొదట్నుంచీ చివరిదాకా, ఏదీ దాచకుండా చెప్పాను. అధ్యక్షులవారు తన చేతిలోని జాబితా ప్రతిని బారెడు దూరాన పట్టుకున్నవారు పట్టుకున్నట్టే ఉండిపోయారు. తర్వాత మెల్లిగా బల్ల మీద పెట్టారు.

"అంటే బడి పుస్తకాలు తొమ్మిదేళ్ళుగా రాతకోతలు లేకుండా ఇళ్ళకి పంపుతున్నారన్నమాట."

"పంపలేదండీ. పిల్లలు తీసుకెళ్ళారు, మళ్ళీ తెచ్చారు."

"తెచ్చారని రుజువేముంది?"

"అరల్లో ఉన్నాయి కదండీ."

"అరల్లో ఉన్నాయంటే ఎవరూ తియ్యలేదని కూడా అనుకోవచ్చు కదమ్మా," అన్నాడాయన. కోపంగా అనలేదు. న్యాయంగానే అన్నాడు.

మా ఆడపడుచు మొహం పాలిపోయింది. ఆవిడకీ ఇది కొత్త సంగతే. నేను ఏదో ఒకటి అని సర్దుకుంటానేమోనని కాసేపు చూసింది. తర్వాత, "పిల్లలు అక్కడే కూర్చుని చదువుకునేవారని చెప్పొచ్చు కదా వదినా," అనేసింది. ఆ పిలుపు బళ్ళో ఎప్పుడూ నోరు జారనిది. అధ్యక్షులవారు కిటికీలోంచి బయటికి చూశారు. అబద్ధం చెప్పి నన్ను గట్టెక్కించాలని ఆవిడ తాపత్రయం. చెప్పడం చేతకాక నేను, చెప్పించలేక ఆవిడ, ఇద్దరం ఇద్దరమే.

టేపాయనే కలగజేసుకున్నాడు. పోనీ, చదివే పిల్లల పేర్లు ఒక యాభై చెప్పమన్నాడు. వాళ్ళ ఇళ్ళకి ఫోన్ చేసి కనుక్కుని, ఆ లెక్క ప్రణాళికలో చేర్చి, పైవాళ్ళతో తనే మాట్లాడతానన్నాడు. యాభై ఏం కర్మ, నూట యాభై చెప్పగలను, కళ్ళు మూసుకుని చెప్పగలను. కానీ ఆ యాభైలో మొదట తట్టింది మిరపగింజ. ఏడో తరగతి పిల్ల, ఆ పేరు నేనే పెట్టాను, అంత చిన్నది, అంత ఘాటు. వాళ్ళ నాన్నకి కథల పుస్తకమంటే ఒళ్ళు మంట, మార్కులు తగ్గేది వాటివల్లేనని. ఒకసారి ఇంట్లో దొరికిన పుస్తకాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి, ఆ ముక్కలు ఆ పిల్ల చేతికే ఇచ్చి, వారం పాటు బడి మానిపించాడు. అది తిరిగొచ్చి ముక్కలు నా బల్ల మీద పెట్టి, "అతికించి ఇవ్వండి టీచర్, ఇంకా ఇరవై పేజీలున్నాయి," అంది. అలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. వాళ్ళ ఇంటికి ఫోన్ చేయిస్తానా?

పేర్లు చెప్పలేనన్నాను. ఎందుకని అడిగితే, రాయనని మాటిచ్చానన్నాను. నాకే వినడానికి చిన్నపిల్లల మాటలా ఉంది. అధ్యక్షులవారు నిట్టూర్చి ఫైలు నావైపు జరిపారు.

అప్పుడు టేపాయన ఒక మాటన్నాడు. "పేర్లొద్దులెండి. రేపు భోజనాల గంటలో వచ్చి మీ గదిలో కూర్చుంటాను. ఎంతమంది వస్తే అన్ని తలలు లెక్కపెట్టుకుంటాను. తలలకి పేర్లక్కర్లేదు కదండీ. నేను కళ్ళారా చూసింది ఎవరూ కాదనలేరు."

అధ్యక్షులవారు సరేనన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. రోజూ అరవై డెబ్బై మంది ఉంటారు, వానొస్తే తొంభై. మా కన్నకొడుకై ఉంటే ఆ టేపాయన్ని దగ్గరికి లాక్కుని నుదుట ముద్దు పెట్టుకునేదాన్నే.

ఆ సాయంత్రం మా ఆడపడుచు మా ఇంటికొచ్చింది. తొమ్మిదేళ్ళు తన దగ్గర దాచానని ముందు కాసేపు దులిపింది. దులపనివ్వండి, దులిపే హక్కు ఆవిడకుంది, ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే. చెల్లెలి వైపు మాట్లాడితే పెళ్ళానికి, పెళ్ళాం వైపు మాట్లాడితే చెల్లెలికి జవాబు చెప్పుకోవాల్సిన మా ఆయన, మొక్కలకి నీళ్ళు పొయ్యాలంటూ వాన కురుస్తుండగానే పెరట్లోకి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. రేపు గది నిండాలి వదినా, నిండేటట్టు నేను చూస్తాను కదా, అంది. ఎలా అని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మర్నాడు పొద్దున్నే ప్రార్థన అయ్యాక ఆవిడ మైకు అందుకుంది. నేను వెనక వరసలో, చిన్నపిల్లల పక్కన ఉన్నాను.

"లైబ్రరీ పుస్తకాలు ముద్ర లేకుండా ఎవరెవరి దగ్గరున్నాయో మాకు తెలిసింది," అంది. "మీరంతా ఇవాళ భోజనాల గంటలో పుస్తకాలు పట్టుకుని లైబ్రరీకి రావాలి. పేరు చెప్పి ఇచ్చేస్తే చాలు. ఎవరినీ ఏమీ అనం."

ఎంత ప్రేమగా చెప్పిందో. ప్రేమగా చెప్పినా మైకు మైకే. నా ముందు నిలబడ్డ పిల్లల వీపులు బిగుసుకోవడం చూశాను. ఒకడు మెల్లిగా తన సంచీని ముందుకి తిప్పుకుని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. తొమ్మిది వందల మంది ఎదట హెడ్మిస్ట్రెస్ చేతిలోంచి మైకు లాక్కోలేను కదా. అలాగే నిలబడ్డాను.

ప్రార్థన విడవగానే ఆవిడ గదిలోకి పరిగెత్తాను. ఆవిడ మొహం వెలిగిపోతోంది. పుస్తకాలున్నవాళ్ళంతా ఒక్కసారే వస్తారు, తలలు రెండింతలవుతాయి, అధ్యక్షులవారి నోరు మూతపడుతుంది, ఎలా ఉంది నా ఉపాయం అంది.  పేర్లు రాయనన్న ఒక్క మాట మీదే వాళ్ళు నా గదికి వస్తున్నారని, మాకు తెలిసిపోయింది అని మైకులో అన్నాక ఇంక ఎవరొస్తారని, ముక్కలు ముక్కలుగా చెప్పాను. వింటూ వింటూ ఆవిడ కుర్చీలో కూలబడింది. పేరు చెప్పక్కర్లేదని మళ్ళీ మైకులో చెప్పనా అని అడిగింది. ఇప్పుడు చెబితే ఇంకా అనుమానపడతారన్నాను. చెయ్యడానికి ఏమీ లేదని ఇద్దరికీ అర్థమైంది. మొదటి గంట కొట్టేదాకా ఇద్దరం ఆ బల్ల మీది మైకుని చూస్తూ కూర్చున్నాం. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది, నాకు అంతకు ముందు రోజే తెలిసింది.

రెండో పీరియడు నుంచి పుస్తకాలు దొరకడం మొదలైంది. మెట్ల మీద రెండు. మంచినీళ్ళ కుళాయి గట్టు మీద ఒకటి, సగం తడిసి. స్టాఫ్ రూము బయట సున్నపు గోడకి ఆనించి నాలుగు. లైబ్రరీ కిటికీ ఊచల్లోంచి లోపలికి తోసినవి ఎన్నో, నేల మీద అట్టలు విరిగి పడున్నాయి. ఒక్క చెయ్యి కూడా కనిపించలేదు. పిల్లిపిల్లల్ని సందులో వదిలేసి పోయినట్టు వదిలేసి పోయారు. ఒడినిండా ఏరుకుని తెచ్చి అరల్లో సర్దాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నా అరలన్నీ ఖాళీ లేకుండా నిండాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాను, కళ్ళు తుడుచుకుని మళ్ళీ సర్దాను.

భోజనాల గంటకి టేపాయన సరిగ్గా వచ్చాడు. నేను బల్ల దగ్గర కుర్చీ వేశాను. తెల్ల కాగితం తీసి, పైన తేదీ, సమయం రాసుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు.

ఎవరూ రాలేదు.

వరండాలో అడుగుల చప్పుడు దగ్గరయ్యేది, మా గుమ్మం ముందు మాత్రం వడిగా వెళ్ళిపోయేది. పది నిమిషాలకి ఆయన కాళ్ళు మార్చుకున్నాడు. ఇరవై నిమిషాలకి, రోజూ ఇంతేనాండీ అని అడగలేక నా మొహం చూశాడు. జరిగింది చెప్పాను. తిరిగొచ్చిన పుస్తకాలు తీసి ముందు పెట్టాను. నూనె వేళ్ళ మరకలు, కుట్లు, మడిచిన మూలలు, ఒక పేజీ చివర 'అయ్యో పాపం' అని పెన్సిలుతో ఎవరో రాసుకున్నది. ఆయన ప్రతీదీ విప్పి చూశాడు.

"నేను నమ్ముతున్నానండీ," అన్నాడు. "కానీ నమ్మకం రాసే గడి ఈ కాగితంలో లేదు. తలలు లెక్కపెడతానన్నాను."

పాపం, అతన్నేమని అంటాను. తప్పు చేసినవాడు ఒక్కడు దొరికితే తిట్టి పోద్దును, అందరూ మంచివాళ్ళే అయిపోయారు. గంట కొట్టడానికి పన్నెండు నిమిషాలుండగా అతను కాగితం మీద సున్న చుట్టాడు. ఇది మీ ఎదటే లెక్కపెట్టినట్టు ఒక సంతకం అంటూ నావైపు తిప్పాడు. నిజమే కదా, నా ఎదటే లెక్కపెట్టాడు. పెన్ను తీసుకున్నాను.

గుమ్మంలో నీడ పడింది. మిరపగింజ. చంకలో ఒక పుస్తకం, అది దాచుకోవడం లేదు. దాని వెనక వరండాలో గోడవారగా ఏడెనిమిది మంది పిల్లలు, లోపలికి రాకుండా, వెళ్ళిపోకుండా నిలబడ్డారు. అది టేపాయన్ని ఒకసారి, ఆయన పెన్సిల్ని ఒకసారి చూసి, తర్వాత నన్ను చూసింది.

"మీరే చెప్పారా టీచర్?"

మైకులో చెప్పింది నేను కాదు. కానీ ఆ మైకు దాకా మాట వెళ్ళింది నా నోట్లోంచే. లేదంటే అబద్ధం. పెద్ద మేడమ్ చెప్పారంటే తప్పించుకోవడం. వరండాలో వాళ్ళంతా వింటున్నారు.

"చెప్పాను," అన్నాను.

"ఎందుకు?"

"ఈ గది తీసేస్తారట. మీరు ఎవరూ చదవడం లేదట."

అది ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. అది కాసేపు అరలవైపు చూసింది. తర్వాత తిన్నగా వచ్చి టేపాయన బల్ల ముందు నిలబడింది. బల్ల దాని గుండెల దాకా వచ్చింది.

"పేరు రాసుకుంటే ఉంచుతారాండీ?"

టేపాయన తబ్బిబ్బయ్యాడు. అబద్ధమాడే మనిషి కాదు. "ఉంచుతారని చెప్పలేనమ్మా. రాసుకుంటే మాత్రం అడగడానికి వీలుంటుంది. ఇంటికి ఫోన్ చేసి ఒకమాట కనుక్కుంటారు, అంతే," అన్నాడు.

ఇంటికి ఫోన్ అన్న మాట దగ్గర దాని చంకలో పుస్తకం జారింది. మళ్ళీ పైకి లాక్కుంది.

"అయితే ముందు నాది రాసుకోండి," అంది. "నాది రాస్తే వీళ్ళు కూడా చెప్తారు."

వరండాలో ఒక పిల్లాడు గుమ్మంలోకి ఒక అడుగు వేశాడు. వాడి వెనక ఇంకొకతె.

నేను వద్దనాలి. ఆ ఫోన్ మోగాక ఆ ఇంట్లో ఏమవుతుందో ఈ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడే లేచి, దాని చెయ్యి పట్టుకుని, బయటికి పంపెయ్యాలి. కానీ నా కళ్ళు గుమ్మంలోకొచ్చిన ఆ రెండో పిల్ల మీదున్నాయి, ఆ వెనక వస్తున్న మూడోవాడి మీదున్నాయి. నేను వాళ్ళని లెక్కపెడుతున్నాను.

టేపాయన సున్న కొట్టేసి, నావైపు చూశాడు. నేనేమైనా అంటానేమోనని ఆగాడు. నేను ఏమీ అనలేదు.

"చెప్పమ్మా," అన్నాడు పెన్సిలు ఎత్తి. "నీ పేరు, నాన్నగారి ఫోన్ నంబరు."